మూల సిస్టమ్ వంద చూపించిన రోజు

కంప్యూటర్ రిపేరంటే డబ్బా విప్పడమే అనుకుని ఈ పనిలోకి వస్తారు చాలామంది. నా మట్టుకు నాకు సగం పని డబ్బా విప్పకముందే ఉండేది, మిగతా సగం మూసేశాక మనుషులతో ఉండేది. మధ్యలో స్క్రూడ్రైవర్ పట్టుకున్న సమయం బహు కొంచెం.

తొంభైల మధ్య నుంచి నేను బాన్సువాడలో ఉంటూ నిజామాబాద్‌లోని ఒక కంప్యూటర్ షాపుకు సర్వీసు మనిషిగా పనిచేశాను. బాన్సువాడ, వర్ని, బిచ్కుంద, అటు జుక్కల్ దాకా ఆ షాపు అమ్మిన సిస్టమ్ ఎక్కడ మొరాయించినా నేనే పోవాలి. జీతం ఎప్పుడు ఎంత పెరిగిందో, ఇంజనీర్ అని కార్డు ఎప్పుడు అచ్చేశారో ఎవరికీ అక్కరలేదు. నేను ఇక్కడ రాసేది ర్యామ్ గురించి, అందులోనూ దాని వేగాన్ని కంప్యూటర్ ఎలా గుర్తుపట్టి చెబుతుందన్న దాని గురించి. ఇంత చిన్న విషయానికి ఒక వ్యాసమా అంటారేమో. ఆ చిన్న విషయం మీద ఒక మనిషి పరువు వేలాడటం చూశాను కాబట్టే రాస్తున్నాను.

డెబ్బై కన్నా అరవై నయం

నేను పనిలో చేరిన రోజుల్లో ర్యామ్ వేగం చెప్పే ప్రోగ్రాములేవీ మా చేతికి రాలేదు. స్విచ్ వేయగానే నల్లటి తెర మీద అంకెలు గబగబా పెరిగి ఆగేవి. అది ఎంత ర్యామ్ ఉందో చెప్పేది గానీ ఎంత వేగంగా పనిచేస్తుందో చెప్పేది కాదు. వేగం తెలియాలంటే ముక్కను బయటికి తీసి, భూతద్దం పెట్టి, నల్లటి చిప్పుల మీద రాసిన అంకెల చివర చూడాలి. అరవై అనో డెబ్బై అనో ఉండేది. అడిగిన సమాచారం తెచ్చివ్వడానికి దానికి పట్టే సమయం అది, సెకనులో వంద కోట్లవ వంతుల లెక్కలో. తక్కువ ఉంటే నయం.

బిచ్కుందలో విత్తనాల షాపాయన ఒకరు ఉండేవారు. ఆయన సిస్టమ్‌లో డెబ్బైది తీసి అరవైది వేశాను. భూతద్దం ఆయన చేతికిచ్చి చూపించడమే నా పొరపాటు. "ఏంది పటేలా గిది? డెబ్బైది గుంజుకొని అరవైది పెడుతున్నవా? నన్ను కొత్తోన్ని అనుకున్నవా?" అని బజారంతా వినబడేలా అరిచారు. షాపు ముందు నలుగురు పోగయ్యారు. ఎంత చెప్పినా ఎక్కలేదు. చివరికి, "దవాఖానలో చీటీ ఇస్తరు కదా, అరవై నంబరోన్ని ముందు పిలుస్తరా, డెబ్బై నంబరోన్నా?" అన్నాను. ఆయన కాసేపు ఆలోచించి, "అరవయ్యే ఉంచు" అని, నాకూ ఆ నలుగురికీ చాయ్ చెప్పారు.

ఆ తర్వాత కొత్త రకం ర్యామ్ వచ్చింది, లెక్క తలకిందులైంది. వంద, నూట ముప్పై మూడు అని రాయడం మొదలుపెట్టారు. ఇవి సెకనుకు ఎన్ని పదిలక్షల విడతలు అన్న లెక్కలో. ఇక్కడ ఎక్కువ ఉంటేనే నయం. నిన్నటిదాకా తక్కువ మంచిదని చెప్పిన నోటితోనే ఎక్కువ మంచిదని చెప్పాల్సి వచ్చింది. అంకెను చూడగానే ఎక్కువా తక్కువా అని కాదు, అది దేన్ని లెక్కబెడుతోందని అడగాలని నాకు అప్పుడే అర్థమైంది.

ఎనిమిది కాళ్ల చిప్పు

కొత్త ర్యామ్ ముక్కల మీద ఒక మూలకు ఎనిమిది కాళ్ల చిన్న చిప్పు ఒకటి ఉంటుంది. తయారుచేసినవాళ్లు దాంట్లో ఆ ముక్క జాతకం రాసి పెడతారు. ఎంత సైజు, ఎంత వేగం తట్టుకుంటుంది, ఎవరు చేశారు, అన్నీ. స్విచ్ వేయగానే బోర్డు ముందుగా దాన్ని చదువుతుంది. తర్వాత తన వీలును బట్టి ఒక వేగం ఖాయం చేస్తుంది. మనం వాడే ప్రోగ్రాములు కూడా అదే చిప్పును చదివి ఒక పేజీలో చూపిస్తాయి. ఇప్పుడు నిజంగా ఎంత వేగంతో నడుస్తోందో ఇంకో పేజీలో చూపిస్తాయి. ఒకటి ముక్కకు చేతనైనది, రెండోది ప్రస్తుతం చేస్తున్నది. ఈ రెండూ ఒకటే అయి తీరాలన్న రూలేమీ లేదు.

ఆ చిప్పు మాట కూడా వేదవాక్కు కాదు. జాతకం తిరగరాసి నాసిరకం ముక్కల్ని మంచివిగా అమ్మేవాళ్లు ఉన్నారు. అలాంటి వాటిని గంటల తరబడి పరీక్ష పెట్టే ప్రోగ్రాముతో నడిపిస్తేనే బండారం బయటపడుతుంది.

మా నిజామాబాద్ సేఠ్‌కు ఇవేవీ పట్టవు. మంచి వ్యాపారి, జీతం ఒక్క నెలా ఆపలేదు. ఆయన నాకు నేర్పింది ఒకటే మాట: "యాదగిరీ, కస్టమర్‌కు నోటితోని చెప్పకు. స్క్రీన్ మీద చూపెట్టు. స్క్రీన్ చూస్తే నోరు మూస్తడు." ఇందులో సగమే నిజం. చూడటం వేరు, చదవడం వేరు. స్క్రీన్ చూసినంత మాత్రాన నోళ్లు మూతపడవు. ఒక్కోసారి కొత్తగా తెరుచుకుంటాయి కూడా.

సత్యనారాయణ గారి సెంటర్

రెండు వేలు దాటిన మొదటి సంవత్సరాల మాట. వర్ని దగ్గర కాలువ కింద వ్యవసాయం చేసే సత్యనారాయణ గారు బాన్సువాడలో ఒక కంప్యూటర్ ట్రైనింగ్ సెంటర్ పెట్టారు. కోస్తా నుంచి వచ్చి స్థిరపడిన కుటుంబం. వరి పండించడంలో దిట్ట, మాటలో మర్యాద, చేతిలో పొదుపు. కంప్యూటర్ మాత్రం ఆయనకు బొత్తిగా తెలియదు. ఆరు సిస్టమ్‌లు మా షాపులోనే కొన్నారు. పిల్లలకు పాఠం చెప్పడానికి సరోజ అనే అమ్మాయిని పెట్టుకున్నారు.

సరోజ బాన్సువాడ పక్క తండా నుంచి వచ్చేది. డిగ్రీ చదివి, నిజామాబాద్‌లో కంప్యూటర్ కోర్సు చేసింది. మాట పెళుసు, పని నికార్సు. సెంటర్ తాళంచెవి ఆమె దగ్గరే ఉండేది. పొద్దున తెరిచేది ఆమె, సాయంత్రం మెయిన్ స్విచ్ ఆపి తాళం వేసేది ఆమె. సత్యనారాయణ గారు వారానికి ఒకసారి ఊరి నుంచి వచ్చి ఒక పూట కూర్చుని వెళ్లేవారు.

ఒకరోజు ఆయన నుంచి ఫోను. "యాదగిరి గారూ, ఒకసారి రావాలండీ. ర్యామ్‌లో తేడా వచ్చింది." గొంతులో ఎప్పటి మెత్తదనం లేదు.

వెళ్లేసరికి ఆయన, ఆయన మేనల్లుడు రాజేష్ కూర్చుని ఉన్నారు. రాజేష్ హైదరాబాద్‌లో ఇంజనీరింగ్ చదువుతున్నాడు, సెలవులకు వచ్చాడు. వస్తూ ర్యామ్ వివరాలు చూపే ప్రోగ్రాము సీడీలో తెచ్చి ఆరింటిలోనూ వేసి చూశాడు. ర్యామ్ అట్టపెట్టెల మీద రెండు వందల అరవై ఆరు అని ఉంది. ప్రోగ్రాములో అయిదు సిస్టమ్‌లు నూట ముప్పై మూడు చూపిస్తున్నాయి. మూలనున్న ఆరోది వంద చూపిస్తోంది.

"ఇందులో రెండు సంగతులున్నాయండీ," అన్నారు సత్యనారాయణ గారు. "అయిదింట్లో సగమే ఉంది. అది మీ షాపు చెప్పాలి. ఆరోదాంట్లో ఇంకా తక్కువుంది. అది మీరిచ్చినప్పుడు ఇలా లేదనుకుంటాను. మంచిది తీసి పాతది పెట్టారు. తాళం ఎవరి దగ్గరుంటదో మీకు తెలుసు."

"సరోజను అడిగిండ్రా?"

"నిన్ననే అడిగానండీ, పిల్లలందరి ముందరే. తీయలేదంది. తాళంచెవి బల్ల మీద పెట్టి వెళ్లిపోయింది. తప్పు లేనిది వెళ్లిపోవడం దేనికి?" అని, కొంచెం గొంతు తగ్గించి, "తండావాళ్లండీ. పెట్టుకున్నప్పుడే మావాళ్లు వద్దన్నారు," అన్నారు.

నాకు ఒళ్లు మండింది. తప్పు లేనివాళ్లే వెళ్లిపోతారు, తప్పు చేసినవాళ్లు కూర్చుని సంజాయిషీలు చెబుతారు. తండా పేరు వినగానే దొంగతనం అంటగట్టే అలవాటు మా దగ్గరి ఊళ్లకు ఎప్పటినుంచో ఉంది. ఈ ముద్ర పడితే ఆ అమ్మాయికి బాన్సువాడలో ఇంకో సెంటర్ తలుపు తెరవదు. ఆమెనే కాదు, ఆమె వెనక ఆ తండా నుంచి వచ్చే ఆడపిల్ల ఎవరినీ ఎవరూ పెట్టుకోరు.

"ఆమెను పిలిపించుండ్రి. ఆమె లేకుండ నేను డబ్బా విప్ప," అన్నాను.

పిలిపించే పని పడలేదు. నేను వస్తున్నానని తెలిసి ఆమె పొద్దుటినుంచీ ఎదురుగా జిరాక్స్ షాపులో కూర్చునే ఉంది. లోపలికి వచ్చి గోడకు నిలబడింది. కుర్చీ చూపించినా కూర్చోలేదు.

"నేను తీయలేదన్నా. తీసి ఏం చేస్కోవాలె? మా ఇంట్ల కరెంటు బుగ్గనే సక్కగ ఎలగది," అంది నాతో. వాళ్లవైపు చూడలేదు.

రంపం లెక్క

ముందు మొదటి సంగతి తేల్చాను. అప్పటికి వచ్చిన ర్యామ్ రకం ఒక్కో విడతలో రెండుసార్లు సరుకు చేరవేస్తుంది. ప్రోగ్రాము విడతల్ని లెక్కబెడుతుంది. కంపెనీ అట్టపెట్టె మీద చేరవేతల్ని లెక్కబెట్టి రాస్తుంది. నూట ముప్పై మూడుకు రెండింతలు రెండు వందల అరవై ఆరు. మోసం ఎక్కడా లేదు. ఇదే చెప్పాను. సత్యనారాయణ గారు తలూపారు గానీ, మొహం చూస్తే నమ్మలేదని తెలుస్తూనే ఉంది.

సెంటర్ కిటికీ కింద వడ్రంగి షెడ్డు ఉంది. అక్కడ ఇద్దరు అటొకరు ఇటొకరు కూర్చుని పెద్ద రంపంతో దుంగ కోస్తున్నారు. ఆయన్ని కిటికీ దగ్గరికి పిలిచాను.

"ఆ రంపం పోయేటప్పుడు కోస్తుందా, వచ్చేటప్పుడు కోస్తుందా?"

"రెండు వైపులా కోస్తదిగా."

"రంపం ఒకసారి పోయి వస్తే ఎన్ని కోతలు పడ్డయి?"

"రెండు."

"మీ అల్లుని ప్రోగ్రాము రంపం ఎన్నిసార్లు పోయొచ్చిందో చెప్తుంది. అట్టపెట్టె ఎన్ని కోతలు పడ్డయో చెప్తుంది. పని ఒక్కటే."

ఆయన చాలాసేపు ఆ రంపాన్నే చూశారు. తర్వాత మొహం విప్పారింది. "ఏరా రాజేష్, ఇది నీకు చెప్పలేదా కాలేజీలో?" అన్నారు. రాజేష్ కిందికి చూస్తూ, "చదివాను మావయ్యా, గుర్తు రాలేదు," అన్నాడు. పిల్లవాడు మంచివాడే, అబద్ధమాడలేదు.

అక్కడితో అయిపోతే బాగుండేది. కానీ సత్యనారాయణ గారు మూల సిస్టమ్ వైపు తిరిగి, "అయితే మీ షాపు తప్పేం లేదండీ. మరి అదో? రెండింతలు చేసినా రెండొందలే. అంటే ఖాయంగా మార్చేశారన్నమాట," అన్నారు. నేను మొదటి ముడి విప్పింది రెండోది గట్టిగా బిగియడానికే పనికొచ్చింది. గోడకు నిలబడ్డ సరోజ పైట కొంగు వేలికి చుట్టుకుంటూ నన్నే చూస్తోంది.

కొత్తది ఇచ్చేస్తే

అప్పుడే సేఠ్ ఫోను చేశారు. జరిగింది చెప్పాను.

"మనది సాఫ్ అయింది కదా. ఇగ ఎందుకు ఫికర్? ఒక కొత్త ముక్క వేసి వచ్చెయ్. నేను పంపిస్త. కస్టమర్ ఖుష్, మనం ఖుష్."

"ఆ పిల్ల సంగతేంది సేఠ్?"

"గది వాళ్ల ఇంటి లొల్లి. మనకేం పని?"

వ్యాపారం లెక్కన ఆయన మాటలో తప్పు వెతకలేం. షాపుకు ఆరు సిస్టమ్‌లు కొన్న గిరాకీ ముఖ్యం. ఈ వృత్తిలోకి వచ్చేవాళ్లకు నేను గట్టిగా చెప్పేది ఇక్కడే ఉంది. మార్చి ఇవ్వడమంత సులువైన పని లేదు. కానీ ఎందుకు మార్చామో చెప్పకుండా మారిస్తే, పాతది తప్పుడుదని మనం సంతకం పెట్టినట్టే. నేను కొత్త ముక్క జేబులోంచి తీసిన క్షణమే సరోజ దొంగ అయిపోతుంది. ఆ తర్వాత ఎవరెన్ని చెప్పినా తిరిగి రాదు.

"పంపకు సేఠ్. మస్తు పనుంది," అని పెట్టేశాను. ఆయన ఆ తర్వాత కొన్నాళ్లు నాతో ముభావంగా ఉన్నారు. ఉంటే ఉన్నారు.

మూల సిస్టమ్ విప్పి ర్యామ్ ముక్క బయటికి తీశాను. మా షాపు స్టిక్కర్ చెక్కుచెదరకుండా ఉంది. చూపించాను. రాజేష్, "స్టిక్కర్ పీకి వేరేదానికి అతికించొచ్చు కదా అంకుల్," అన్నాడు. నిజమే, అతికించవచ్చు. స్టిక్కర్‌ను నమ్మమని నేను కూడా అనను.

పక్క సిస్టమ్ కూడా విప్పాను. దాని ముక్క మూల సిస్టమ్‌లో పెట్టాను, మూల సిస్టమ్ ముక్క దీంట్లో పెట్టాను. ఒక్కటి కాదు, రెండూ మార్చాలి. ఒకటే మారిస్తే సగం సాక్ష్యం. "రాజేష్, నువ్వే ఆన్ చెయ్. నువ్వే చదివి చెప్పు. నేను ముట్ట," అన్నాను. అప్పటికి మధ్యాహ్నం బ్యాచ్ పిల్లలు కూడా వచ్చి గుమ్మంలో నిలబడ్డారు. నిన్నటి మాట విన్నవాళ్లే.

పక్క సిస్టమ్ ముందు లేచింది. దొంగ సరుకు అన్న ముక్క అందులో ఉంది. రాజేష్ ప్రోగ్రాము తెరిచి చదివాడు. "నూట ముప్పై మూడు."

"జాతకం పేజీలో?"

"అక్కడా నూట ముప్పై మూడే."

సత్యనారాయణ గారు లేచి నిలబడ్డారు. "మరి ఇది?" అని మూల సిస్టమ్ చూపించారు.

ఎఫ్-వన్

మూల సిస్టమ్ స్విచ్ వేయగానే నల్ల తెర మీద ఇంగ్లీషులో నాలుగు వరుసలు వచ్చాయి. నేను చదివేలోపే గుమ్మంలోంచి ఒక విద్యార్థిని ముందుకొచ్చి టక్కున ఒక మీట నొక్కింది. తెర ముందుకు వెళ్లిపోయింది.

"ఏం నొక్కినవమ్మా?"

"ఎఫ్-వన్ సార్. గిది రోజూ అడుగుతది. ఎఫ్-వన్ నొక్కితే నడుస్తది."

నాకు నవ్వొచ్చింది, ఏడుపూ వచ్చింది. మా ప్రాంతమంతా ఇదే వైద్యం. బీడీ ఆకుల గోదాము నుంచి పెద్ద ఆఫీసుల దాకా ఎక్కడికి పోయినా, పొద్దున సిస్టమ్ ఏదో అడుగుతుంది, వీళ్లు ఎఫ్-వన్ నొక్కుతారు. ఏం అడుగుతోందని చదివినవాడు లేడు. అడిగేవాడికి జవాబు చెప్పకుండా, సరే సరే పదమని భుజం తట్టి పంపే అలవాటు.

"ఇది ఎన్నాళ్ల నుంచి అడుగుతుంది?" అన్నాను.

"వానకాలం నుంచి," అంది సరోజ గోడ దగ్గరినుంచి. "సార్‌కు చెప్పిన. నడుస్తుంది కదా అన్నరు."

సత్యనారాయణ గారు అవునన్నట్టు తలూపారు.

రాజేష్ ప్రోగ్రాము తెరిచాడు. పక్క సిస్టమ్ నుంచి తెచ్చిన మంచి ముక్క కూడా ఇందులో వందే చూపించింది. జాతకం పేజీలో మాత్రం నూట ముప్పై మూడు అనే ఉంది. నేను తెర కింది మూల చూపించి తేదీ చదవమన్నాను. ఎప్పుడో గడిచిపోయిన సంవత్సరం, జనవరి ఒకటో తారీఖు.

బోర్డు మీద రూపాయి బిళ్లంత బ్యాటరీ ఒకటి ఉంటుంది. కరెంటు లేనప్పుడు తేదీనీ, మనం పెట్టిన వేగాల్నీ గుర్తుంచుకునేది దాని బలంతోనే. ఇందులో అది చచ్చిపోయింది. సరోజ రోజూ సాయంత్రం, షార్ట్ సర్క్యూట్ కాకూడదని, మెయిన్ ఆపి వెళ్తుంది. రాత్రికి బోర్డు అంతా మరిచిపోతుంది. పొద్దున లేచి, నాకేమీ గుర్తులేదు, ఏం చేయమంటారని అడుగుతుంది. ఎఫ్-వన్ నొక్కగానే, ఎందుకైనా మంచిదని తనకు తెలిసిన తక్కువ వేగంతో బయల్దేరుతుంది. ర్యామ్ ఒక్కటే కాదు, ప్రాసెసర్ కూడా వానాకాలం నుంచి నెమ్మదిగానే నడుస్తోంది. దాన్ని ఎవరూ చూడలేదు.

"ఎద్దు మంచిదేనండి. బండి ఇరుసు పట్టేసింది," అన్నాను సత్యనారాయణ గారితో.

బ్యాటరీ మార్చాను. తేదీ సరిచేసి, వేగం సరిగ్గా పెట్టాను. మెయిన్ ఆపించి, కాసేపాగి మళ్లీ వేయించాను. ఈసారి ఎఫ్-వన్ అడగలేదు. రాజేష్ చదివాడు. "నూట ముప్పై మూడు." గుమ్మంలో పిల్లలు గుసగుసలాడుకున్నారు.

ముక్కల్ని ఎవరి చోట వాటిని పెట్టి డబ్బాలు మూశాను. నా పని అయిపోయింది. కానీ సరోజ కదల్లేదు.

తాళంచెవి

సత్యనారాయణ గారు గొంతు సవరించుకుని ఆమె దగ్గరికి వెళ్లారు. "ఏమీ అనుకోకమ్మా," అన్నారు మెల్లగా.

"నిన్న మెల్లగ అనలేదు సార్," అంది సరోజ. "గీ పోరగాండ్ల ముంగట అన్నరు. గీళ్ల ముంగటనే చెప్పుండ్రి."

ఆయన మొహం ఎర్రబడింది. పంట మీద, మాట మీద పేరున్న మనిషి. ఒక నిమిషం పాటు ఆయన వెళ్లిపోతారేమో అనుకున్నాను. వెళ్లలేదు. పిల్లల వైపు తిరిగి, "మీ మేడం ఏదీ తీయలేదు. నేనే తప్పుగా అన్నాను," అన్నారు. ఇన్నేళ్ల సర్వీసులో కస్టమర్ నోట ఆ మాట నేను వినడం బహుశా అదొక్కసారే. ఆయన మీద నాకున్న కోపం అక్కడ సగం దిగింది.

ఆయన జేబులోంచి తాళంచెవి తీసి ఆమెకివ్వబోయారు. సరోజ చేతులు వెనక్కి పెట్టుకుంది.

"రేపటి నుంచి వస్త సార్. పిల్లలకు పరీక్షలున్నయి. తాళం మాత్రం నాకొద్దు. మీరే తెరువుండ్రి, మీరే ఏసుకొండ్రి."

"నేను వర్ని నుంచి రోజూ ఎలా వస్తానమ్మా?"

"నేను తండా నుంచి రోజూ రాలేదా సార్?"

నేను సంచీ సర్దుకుని బయటికి వచ్చేశాను. ముక్క తనేమిటో చెప్పుకునేది ఒకటి, నడిచేది ఇంకొకటి అని నా దగ్గర పని నేర్చుకునే పిల్లలకు ఇప్పటికీ ఈ సంగతితోనే చెబుతాను. వింటారు, నవ్వుతారు, తర్వాత వెళ్లి ఎఫ్-వన్ నొక్కుతారు.

ఆ తర్వాత చాలాకాలం పొద్దున్నే బస్టాండుకు పోయినప్పుడల్లా ఆ సెంటర్ ముందు చూసేవాణ్ని. సరోజ పిల్లలతో మెట్ల మీద కూర్చుని ఉండేది. సత్యనారాయణ గారు కాలువ గట్టు బురద అంటిన మోటార్ సైకిల్ ఆపి, గబగబా దిగి, తలుపు తెరిచి పక్కకు జరిగేవారు. ఆమె అక్కడ పాఠం చెప్పినన్నాళ్లూ ఆ తలుపు ఆయనే తెరిచారు.